తొమ్మిదోదాన్ని తిట్టే సంఘం

పోయిన సంచికలో మనం చెవులమ్మాయిని పళ్ల డాక్టరు గారి క్లినిక్ మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంది. లోపలికి పంపేముందు ఆమె మనసులో ఏం మోసుకొచ్చిందో ఒకసారి చూద్దాం.

ఆసుపత్రిలో చెవులు పరీక్షించే ఉద్యోగం కాబట్టి ఆమెకు ఆ పేరు. పేరు పెట్టింది ఒక పాత రాక్ బ్యాండ్ అభిమానుల సంఘం. ఆ బ్యాండ్ పెద్దాయన గొంతుతో ఎనిమిది ఆల్బమ్‌లు చేసింది. పెద్దాయన అలిగి వెళ్లిపోయాక వేరే గాయకుణ్ణి తెచ్చుకుని తొమ్మిదోది చేసి, దాంతో దుకాణం కట్టేసింది. అభిమానులు మొదటి ఎనిమిదింటినీ నెత్తిన పెట్టుకున్నారు. తొమ్మిదోదాన్ని కాళ్లతో తొక్కారు. దాన్ని పాడినవాడికి 'అద్దె గొంతు' అని పేరు పెట్టి పాతికేళ్లుగా ఆడిపోసుకుంటున్నారు. ఆ అద్దె గొంతు ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ల పక్క సీట్లో కూర్చుని 'క్లచ్ మెల్లగా వదలండి' అని చెప్పుకుంటున్నాడు. ఆయన కూతురే మన చెవులమ్మాయి. నాన్నను ఇంతలా తిట్టేవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో చూద్దామని రెండేళ్ల కిందట సంఘంలో చేరింది. తానెవరో ఎవరికీ చెప్పలేదు.

సంఘం దగ్గర 'అసలు టేపు' అని ఒకటుంది. తొమ్మిదోదానిలోని పాటల్నే, స్టూడియోకి వెళ్లకముందు ఎక్కడో గదిలో ఉత్త గిటార్ మీద పాడిన టేపు అది. అందులో పాడింది పెద్దాయనేనని వాళ్ల నమ్మకం. ప్రెసిడెంటు అయిన పళ్ల డాక్టరు దాన్ని బీరువాలో దాచి, సంఘంలో రెండేళ్లు నిండినవాళ్లకు మాత్రమే వినిపిస్తాడు. పోయిన వారం చెవులమ్మాయి వంతు వచ్చింది. మొదటి పాట మొదటి మాటకే ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. అది నాన్న గొంతు. పాత టేపులమ్మే వ్యాపారి ఎవడో గిరాకీ కోసం పెద్దాయన పేరు తగిలించాడు, అంతే.

పరుగున ఇంటికెళ్లి చెబితే నాన్న సంతోషించలేదు.

"చెప్పకు తల్లీ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా పాట వాళ్లకి నచ్చింది. నాదని తెలిస్తే రేపటికల్లా నచ్చకుండా పోతుంది" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. చెప్పనని ఆమె మాటిచ్చింది. ఇక లోపలికి వెళ్దాం.

ఆదివారం పొద్దున క్లినిక్‌కి సెలవు. రోగులు కూర్చునే హాల్లోనే సంఘం సమావేశం. కుర్చీలు గుండ్రంగా జరిపి ఉన్నాయి. గోడల నిండా చిగుళ్ల జబ్బుల బొమ్మలు. రిసెప్షన్ బల్ల మీద ప్లాస్టర్ దవడ ఒకటి, దాని పక్కనే టేప్ రికార్డరు, యాంప్లిఫయరు. వాటి పైన గోడకు 'దయచేసి నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు. ఆ బోర్డు తీయాలని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదు.

సమావేశం ఎప్పుడూ తిట్టుతోనే మొదలవుతుంది. సంఘం ఆనవాయితీ అది. వారానికొకరు తొమ్మిదోదాని మీద ఒక కొత్త తిట్టు తయారుచేసుకొచ్చి అప్పజెప్పాలి. పాత తిట్టు తెస్తే ఆ పూట టీ ఖర్చు వాళ్లదే. కొత్తగా చేరేవాళ్లకు తిట్టే ప్రవేశ పరీక్ష. రెండేళ్ల కిందట చెవులమ్మాయి ఇదే హాల్లో నిలబడి "ఆ ఆల్బమ్ విన్నాక మా ఇంట్లో వాషింగ్ మెషీన్ మీద గౌరవం పెరిగింది" అంది. హాలు గొల్లుమంది. ప్రెసిడెంటు దాన్ని టీ కప్పుల మీద అచ్చు వేయించాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం, సొంత తండ్రి మీద తను వేసిన తిట్టులోంచే ఆమె టీ తాగుతోంది. ఆ టీ ఎప్పుడూ సగమే తాగేది.

ఈ వారం వంతు లెక్కల మేష్టారిది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, తొమ్మిదోది రాసి పాడినవాళ్ల కంటే తానే ఎక్కువ కష్టపడినట్టు ఒక నిట్టూర్పు విడిచాడు.

"నిన్న మా క్లాసులో అల్లరి ఎక్కువైతే తొమ్మిదోది వేస్తానని బెదిరించాను. పిల్లలంతా ఏకకంఠంతో, వద్దు సార్, పదిహేడో ఎక్కం చెప్తాం అన్నారు."

హాలు నవ్వింది. ఇన్సూరెన్సాయన అయితే తొడ మీద చరుచుకుని మరీ నవ్వాడు. ఆయనకు నవ్వడమే సంఘంలో పని. సొంతంగా తిట్టడం చేతకాక, పక్కవాళ్ల తిట్లకు పొంగిపోతూ కాలం వెళ్లదీస్తుంటాడు.

చెవులమ్మాయి అందరి మొహాలూ చూసింది. ఉద్యోగంలో ఆమె రోజూ చూసే మనుషుల్లో ఒక రకం ఉన్నారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినిపిస్తేనే బటన్ నొక్కమంటే, ఏ చప్పుడూ లేకపోయినా నొక్కేస్తారు. చెవులు బాగున్నాయని అనిపించుకోవాలి, అదీ వాళ్ల తాపత్రయం. నొక్కాక ఆమె వైపు చూసి చిన్నగా నవ్వుతారు కూడా. ఈ హాల్లో కుర్చీలన్నిటి నిండా వాళ్లే ఉన్నారని ఆమెకు పోయిన వారమే అర్థమైంది.

లేకపోతే ఏమిటి చెప్పండి. మూడో పాటలో రెండో చరణానికి ముందు పాడేవాడు గట్టిగా ఊపిరి పీల్చుకుంటాడు. టేపులో వినిపించే ఆ ఊపిరిని ప్రెసిడెంటు 'పాటకు ప్రాణం' అన్నాడు. దాని మీద ఒక సాయంత్రమంతా ఉపన్యాసం ఇచ్చాడట. తొమ్మిదో ఆల్బమ్‌లోనూ అదే పాటలో, అదే చోట, అదే ఊపిరి ఉంది. దాన్ని మాత్రం 'ఆయాసం' అన్నాడు. ఒకే మనిషి, ఒకే ముక్కు. ఇంతోటి చెవులు పెట్టుకుని వీళ్లు ఒక మనిషిని పాతికేళ్లు బజారున పెట్టారు.

ప్రెసిడెంటు లేచాడు. సెలవు రోజైనా తెల్లకోటు వేసుకునే వస్తాడు. ఆ కోటు లేకపోతే తన మాట తనకే ఆనదు కాబోలు.

"మిత్రులారా, శుభవార్త. కంపెనీవాళ్లు బ్యాండ్ ఆల్బమ్‌లన్నీ కలిపి ఒక పెట్టెగా తెస్తున్నారు. ముందుమాట రాయమని నన్నడిగారు. రాస్తాను గానీ తొమ్మిదోది అందులో ఉండకూడదన్నాను. మరి దాని చోట్లో ఏం పెట్టాలని అడిగారు."

ఆయన ఆగి, టేప్ రికార్డరు మీద చెయ్యి వేశాడు. బిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు.

"ఇది పెడదాం అన్నాను. పెద్దాయన పేరుతో. ఆయన ఎలాగూ ఇప్పుడు బతికి లేడు. ఈ పాటలకి ఆయన చేసిన న్యాయం లోకం వినాలి కదా? అద్దె గొంతు పేరు బ్యాండ్ చరిత్రలోనే ఉండదిక. రేపు కంపెనీ మనిషి టేపు తీసుకెళ్లడానికి వస్తున్నాడు. సంఘం సరేనంటే చాలు. ఏమంటారు?"

చేతులన్నీ లేచాయి. ఇన్సూరెన్సాయన రెండూ ఎత్తాడు.

చెవులమ్మాయి చెయ్యి మాత్రం లేవలేదు. ఇన్నాళ్లూ నాన్న పాటను తిట్టారు, సరే. ఇప్పుడు ఆ పాటను ఆయన నోట్లోంచి లాక్కుని ఇంకొకడి పేరున రాసేస్తున్నారు. పైగా తొమ్మిదోదాన్నే చెరిపేస్తున్నారు. రేపటి తర్వాత నాన్న అనేవాడు ఎప్పుడైనా పాడాడనడానికి ఎక్కడా గుర్తు ఉండదు. ఇంట్లో ఇచ్చిన మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆగలేదు.

"ఒప్పుకోను" అంది.

హాలు ఆమె వైపు తిరిగింది.

"ఏమ్మా, నీకు పెద్దాయన నచ్చలేదా?" అన్నాడు మేష్టారు. ఆయన ఉద్దేశంలో అది జోకు.

"టేపులో ఉన్నది పెద్దాయన కాదు మేష్టారూ. మీరు అద్దె గొంతు అంటారే, ఆయన."

ఒక్క క్షణం చప్పుడు లేదు. బోర్డు మీది మాట ఇన్నేళ్లకు నెరవేరింది. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. ఇన్సూరెన్సాయనకు ఎవరూ తిట్టకుండానే నవ్వొచ్చింది.

"అమ్మాయ్, ఇది మాత్రం కొత్త తిట్టే. ఈ వారం టీ నీకు ఉచితం" అన్నాడు ప్రెసిడెంటు.

"తిట్టు కాదండీ. ఆయన మా నాన్న."

ఈసారి నవ్వు రాలేదు. నవ్వు బదులు అందరి కళ్లలోనూ ఒక రకమైన జాలి వచ్చింది. అది నవ్వు కంటే హీనంగా ఉంది. కప్పుల్లోని టీ చల్లారిపోతున్నా ఎవరూ తాగడం లేదు. ఎవరికి వాళ్లు ఈ రెండేళ్లలో ఆమె ముందు ఏమేం అన్నారో లెక్కేసుకుంటున్నట్టున్నారు. క్షమించమని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ లెక్క ఎంత పెద్దదైతే అంత కోపం ఆమె మీదే వచ్చినట్టుంది.

"అంటే మా మధ్య దొంగతనంగా కూర్చున్నావన్నమాట" అన్నాడు మేష్టారు.

"మీరు బహిరంగంగా తిట్టారు, నేను బహిరంగంగానే విన్నాను. ఇందులో దొంగతనమేముంది మేష్టారూ?"

"తండ్రి మీద ప్రేమ ఉండటం మంచిదే" అన్నాడు ప్రెసిడెంటు, రోగికి పన్ను పీకేముందు మాట్లాడే మెత్తటి గొంతుతో. "కానీ ప్రేమ వేరు, చెవి వేరు. ఈ టేపు నేను ఎన్నేళ్లుగా వింటున్నానో తెలుసా? ఆ గొంతులో ఉన్న బరువు, ఆ నిబ్బరం... ఏమీ అనుకోకు, మీ నాన్న వల్ల అయ్యే పని కాదు."

"సరే. మూడో పాట అయ్యాక ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది. 'ఇంకోసారి' అంటుంది. అవునా?"

"అందరికీ తెలిసిందే. పెద్దాయన మేనకోడలు."

"అక్కడితో మీరు టేపు ఆపేస్తారు. పోయిన వారం కూడా ఆపేశారు. తర్వాత ఏముందో మీ ఒక్కరికే తెలుసు. నేను చెప్పనా?" ఆమె రికార్డరు వైపు వేలు చూపింది. "పాడినాయన నవ్వుతాడు. నవ్వి, 'ఆగు చిట్టెలుకా, మంచినీళ్లు తాగనీ' అంటాడు. చిట్టెలుకను నేనే. నాకప్పుడు నాలుగేళ్లు. డ్రమ్ము పెట్టె మీద కూర్చున్నాను. టేపు తిప్పండి, వింటాం."

ప్రెసిడెంటు మొహంలో రంగులు మారాయి. అంతవరకూ నిమురుతున్న చెయ్యిని రికార్డరు మీంచి తీసేశాడు.

"పాత టేపు. ఊరికే తిప్పితే నలిగిపోతుంది" అన్నాడు. మాటలు నములుతూ అన్నాడు.

ఆయనకు తెలుసు. టేపు పూర్తిగా విన్న మొదటి రోజు నుంచీ తెలుసు, లేదా తెలిసే అవకాశం ఉందని తెలుసు కాబట్టే అక్కడ ఆపడం నేర్చుకున్నాడు. ఈ సంగతి చెవులమ్మాయికి ఆయన మొహంలో స్పష్టంగా కనిపించింది. మిగతావాళ్లకు కనిపించలేదు. చెవులే సరిగా లేనివాళ్లకు కళ్లుంటాయని ఆశపడటం కూడా తప్పే.

కానీ వాళ్లలో ఒక మెలిక పడింది. మేష్టారు గడ్డం గోక్కున్నాడు.

"ఒకవేళ... మాటవరసకే అంటున్నాను... ఆ అమ్మాయి చెప్పేది నిజమే అనుకోండి. నాకైతే ఆ మూడో పాటలో పైకి వెళ్లినప్పుడు ఎప్పుడూ ఏదో కొంచెం పల్చగా అనిపిస్తుంది."

"నేను అందామనుకున్నానండీ!" ఇన్సూరెన్సాయన ముందుకు వంగాడు. "పల్చనే. నీళ్లు కలిపిన పాల్లాగా. నాకు మొదట్నుంచీ అనుమానమే, పెద్దలు మీరంతా మెచ్చుకుంటున్నారని ఊరుకున్నాను."

"ఆ ఊపిరి కూడా మరీ ఎక్కువైంది కదూ?"

"అవునండీ, రొప్పినట్టుంది."

పోయిన ఆదివారం ఇదే మేష్టారు ఇదే ఊపిరికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇదే ఇన్సూరెన్సాయన రెండోసారి వేయమని బతిమాలాడు. ఇప్పుడు పోటీలుపడి తప్పులు ఏరుతున్నారు. నాన్న చెప్పినట్టు రేపటిదాకా కూడా పట్టలేదు. టీ చల్లారేలోపే అయిపోయింది. చెవులమ్మాయికి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఆ అసహ్యం కింద భయం కూడా ఉంది. నాన్నకు ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క మెచ్చుకోలును తన చేతులతోనే చంపేసిందేమోనన్న భయం అది.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

డ్రైవింగ్ స్కూల్ చొక్కా, జేబు మీద బండి బొమ్మ, చేతిలో తాళాల గుత్తి. మాటిచ్చిన కూతురు మాట మీద నిలబడదని తండ్రికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పొద్దున పాఠం మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు. మెట్ల మీద ఎంతసేపు నిలబడ్డాడో ఏమో, 'పల్చగా' అన్న మాట దగ్గర్నుంచీ విన్నాడని మాత్రం ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

"నమస్కారమండీ" అన్నాడు అందరికీ. "మా అమ్మాయి మాటలకి ఏమీ అనుకోకండి. చిన్నప్పటి సంగతులు కలగలిపి చెప్తోంది."

"నాన్నా!"

"ఆ టేపు పెద్దాయనదే. నాది కాదు." ఆయన ఎవరి కళ్లలోకీ చూడలేదు. చూపు తాళాల గుత్తి మీదే ఉంది. "అది విని విని నేర్చుకున్నాను నేను. అందుకే కాస్త ఆ పోలికలు ఉంటాయి. అంతే."

హాలంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. మేష్టారు కళ్లజోడు సర్దుకున్నాడు.

"అదీ సంగతి! నేను అనుకుంటూనే ఉన్నాను, ఆ పై స్వరం ఇంకెవరికి వస్తుంది?"

"పల్చన అనిపించింది కూడా ఒక అందమే కదండీ" అన్నాడు ఇన్సూరెన్సాయన.

ప్రెసిడెంటు రెండడుగులు ముందుకొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. చెమటలు పట్టిన మొహం మీదికి నవ్వు తెచ్చుకున్నాడు.

"మీ నిజాయితీకి మెచ్చుకోవాలి. మీ పాట గురించి మా అభిప్రాయం మాకుంది, అది మారదు. కానీ మనిషిగా మీరు గొప్పవారు. కూర్చోండి, టీ తాగండి."

వాషింగ్ మెషీన్ కప్పులో టీ పోసి ఇచ్చాడు. నాన్న కప్పు మీది మాటలు చదివాడు. చదివి, "బాగుందండీ" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక చెవులమ్మాయి లోపల ఏదో తెగిపోయింది. రెండేళ్లుగా ఈ మనుషులను చూసి చీదరించుకుంటూ వచ్చింది. ఈ క్షణంలో నాన్నను చూసినా అదే చీదర కలిగింది. అది తనకు కలిగినందుకు సిగ్గేసింది. సొంత గొంతును ఇంకొకడికి దానం చేసి, దానం పుచ్చుకున్నవాళ్ల చేత మెప్పు పొందడం. ఇంతకంటే వాళ్లు తిట్టిన తిట్లే నయం.

ఆమె వెళ్లి రికార్డరు ప్లగ్గు పీకేసింది.

"సరే. టేపు పెద్దాయనదే. మా నాన్న విని నేర్చుకున్నాడు. అయితే నేర్చుకున్నది ఒక్క చరణం ఇక్కడ పాడు నాన్నా. మూడో పాట."

"ఇంటికి పద తల్లీ."

"పాడు."

"గొంతు పోయిందమ్మా. ఎన్నేళ్లయిందో."

"క్లచ్ వదలమని అరవడానికి ఉందిగా. పాడు. వీళ్లకి భయపడకు. వీళ్లెలాగూ పోల్చుకోలేరు." ఆమె హాలంతటినీ ఒకసారి చూసింది. "అందరూ కళ్లు మూసుకోండి. మనిషి కనిపిస్తుంటే మీకు పాట వినిపించదు."

"పాడనివ్వండి" అన్నాడు మేష్టారు, కుర్చీలో వెనక్కి వాలుతూ. "వచ్చే వారం తిట్టుకి పనికొస్తుంది." ఇన్సూరెన్సాయన నవ్వడానికి సిద్ధంగా అరచెయ్యి తొడ మీద పెట్టుకున్నాడు.

నాన్న కప్పు కింద పెట్టాడు. కూతురి మొహంలోకి చూశాడు. ఆమె మొహంలో తన మీద ఎప్పుడూ చూడనిది చూశాడు. తిట్లకు అలవాటుపడిన మనిషే, కానీ ఆ చూపుకు తట్టుకోలేకపోయాడు. తాళాల గుత్తి జేబులో వేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"వద్దు!"

అరిచింది ప్రెసిడెంటు. తెల్లకోటు ఎగిరేలా వచ్చి, నాన్నకూ కుర్చీలకూ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు.

"వద్దు, పాడొద్దు! ఇది సంఘం. ఎవరు పడితే వాళ్లు పాడే చోటు కాదిది. ఇక్కడ ఎవరూ పాడటానికి వీల్లేదు!"

హాలు బిత్తరపోయింది. మేష్టారు వాలినవాడల్లా మెల్లగా లేచి కూర్చున్నాడు.

"అంత కంగారెందుకండీ డాక్టరు గారూ?" అన్నాడు. "పాడితే ఏమవుతుంది?"

ప్రెసిడెంటు చేతులు దించలేదు. ఆయన వెనకాల, ఆ చాచిన చేతుల వెనకాల, నాన్న అప్పటికే కళ్లు మూసుకున్నాడు.